సున్నా కన్నా తక్కువమంది

ఇంటికి తాళం వేసి ఉంటే పక్కింటి తలుపు తట్టకూడదు. డోరికా మ్సోసా నేర్చిన విద్యలో సగం ఇంతే. మిగతా సగం, తట్టిన తలుపు తెరుచుకున్నాక తన మొహంలో ఏదీ కనిపించనివ్వకపోవడం.

వినడానికి తేలికే. ఎండలో పడి నడిచి, ఎవరిని అడగాలో తేల్చడానికి తీసిన చీట్లలో వచ్చిన ఇంటికి చేరితే అక్కడ కోడిపెట్ట తప్ప ఎవరూ ఉండరు. పక్కింటి అరుగు మీద ఒకావిడ వేరుశనక్కాయలు వలుస్తూ, "రామ్మా, కూచో, నన్నడుగు. వాళ్ల సంగతీ నాకు తెలుసు, నా సంగతీ నాకు తెలుసు" అంటుంది. అరుగు మీద నీడ ఉంది. కుండలో తొబ్వా ఉంది, మొక్కజొన్న పిండితో కాచిన చల్లని తీపి జావ. కాదనడానికి నోరెలా వస్తుంది? కానీ పగటిపూట ఇంట్లో దొరికేవాళ్లు వేరు, దొరకనివాళ్లు వేరు. దొరికినవాళ్లనే అడుగుతూ పోతే అది అరుగుల లెక్క అవుతుంది గాని ఊరి లెక్క కాదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. చాలు, కుండ అడుగుదాకా కలిపి పట్టిన మెతుకయితే. పైన తేలిన మెతుకు తన సంగతి మాత్రమే చెబుతుంది.

డోరికాది మలావీ నడిమి కొండల్లో బంగాళాదుంపలు పండే ఊరు. చదువు మధ్యలో ఆగిపోయింది. జనాభా లెక్కలవాళ్లు ఆ కొండ వాలుకి వచ్చినప్పుడు, చదవడం రాయడం వచ్చి కుక్కలకి భయపడని మనిషి కావాలన్నారు. ఆ రెండో అర్హత ఆ ఊళ్లో ఆమెకొక్కతెకే ఉంది. అప్పట్నుంచి ఆమె దేశమంతా తలుపులు తడుతూనే ఉంది. ఎవరింట్లో మరుగుదొడ్డి ఉంది, ఎవరు ఏ నీళ్లు తాగుతారు, ఎన్ని మేకలు, పూటకి ఎంతమంది తింటారు, పిల్లకి సూది వేయించారా లేదా. ఒక పని అయిపోతే ఇంకో పని దొరికేదాకా ఇంట్లో కూర్చుంటుంది. రేడియోలు బాగుచేసే మొగుడు మాత్రం, "ఊరందరి మేకలూ లెక్కపెడతావు, మనింట్లో ఉప్పు అయిపోయిందని మాత్రం నీకు తెలీదు" అని నవ్వుతాడు. "నువ్వు చీట్లలో రాలేదుగా మరి" అంటుంది డోరికా.

ఆమె వెళ్లిన చోటల్లా జనం మొదట భయపడేవాళ్లు. లెక్కపెట్టించుకోవడమంటే మనిషికి మొదట్నుంచీ భయమే. పాత రాజులు మనుషుల్ని లెక్కపెట్టింది యుద్ధానికి తోలుకుపోవడానికో, పన్ను పిండటానికో. ఆ దేశంలో తెల్లదొరల కాలంలో గుడిసెకి ఇంత అని పన్ను ఉండేది. లెక్కలవాడు వస్తున్నాడంటే రెండు కాపురాలు ఒక గుడిసెలోకి దూరిపోయేవి. అప్పటి మనవలు ఇప్పుడు తాతలయ్యారు గాని, కాగితం అట్ట చంకలో పెట్టుకుని వచ్చే మనిషి కనిపిస్తే గడపలో కాలు అడ్డం పెట్టే అలవాటు పోలేదు. అది తప్పని డోరికా ఎన్నడూ అనుకోలేదు. తన పని ఆ కాలు దానంతటది పక్కకి జరిగేదాకా నిలబడటం.

ఆమె బతుకులో పెద్ద పరీక్ష వచ్చింది మలోంబె సరస్సు ఒడ్డున, దోమతెరల విషయంలో.

సరస్సు ఒడ్డు ఊళ్లకి ప్రభుత్వం ఉచితంగా దోమతెరలు ఇస్తుంది. వానలు మొదలైతే అక్కడ మలేరియా ఇంటింటి చుట్టం. అయితే దోమతెర కంత చిన్నది. దోమ దూరని కంతలోంచి ఉసిపా కూడా దూరదు. ఉసిపా అంటే వేలెడంత వెండిచేప, ఎండబెట్టి అమ్ముకుంటే ఇల్లు గడుస్తుంది. ఒడ్డున నడిచే గుడ్డివాడికైనా కాలికి నీలం తెర తగులుతుంది. కిందటేడు జిల్లా ఆఫీసు మనుషుల్ని పంపి సూటిగా అడిగించింది: ఇచ్చిన తెరతో మీ ఇంట్లో ఎవరైనా చేపలు పట్టారా? అన్ని ఊళ్లలో, అన్ని ఇళ్లలో, ఒక్కటే జవాబు. లేదు. సున్నా.

ఆ సున్నా చూసి రాజధానిలో నవ్వుకున్నారు, తర్వాత కోపం తెచ్చుకున్నారు, ఆ తర్వాత ఒక గీత గీశారు. ఈసారి తెరలు తక్కువ వస్తున్నాయి. ఒడ్డు ఊళ్లలో మూడో వంతు ఇళ్లకి మించి తెరలతో చేపలు పడుతున్నట్టు తేలితే లారీ ఇటు రాదు, కొండ ఊళ్లకి పోతుంది. తేలకపోతే వస్తుంది. ఎంతమందో నిజంగా తెలుసుకురమ్మని డోరికానీ, ఆమె కింద ఆరుగురినీ పంపారు. వాళ్లతో లుసుంగు అనే కుర్రాడిని కూడా పంపారు. గణాంకాలు చదివాడు. ఉత్తరాదివాడు. వాడు అక్కడి చిచెవా భాష మాట్లాడితే ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు.

లుసుంగు ఒక ఉపాయం తెచ్చాడు. చిన్న గుడ్డసంచిలో పది బొబ్బర గింజలు, ఐదు ఎర్రవి, ఐదు తెల్లవి. అడిగేవాళ్లు వీపు తిప్పుకుని నిలబడతారు. ఇంటివాళ్లు సంచిలో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి, చూసుకుని, మళ్లీ లోపల వేసేస్తారు. తెల్లగింజ వస్తే నిజం చెప్పాలి. ఎర్రగింజ వస్తే నిజమేదైనా సరే "ఔను" అనాలి. అప్పుడు "ఔను" అన్నవాడు చేపలు పట్టాడో, ఎర్రగింజ పట్టాడో ఎవరికీ తెలియదు. కానీ నూరుమందిలో సుమారు యాభైమందికి ఎర్రగింజ వస్తుంది కనక యాభై ఔనులు గింజలవే. వాటిని తీసేస్తే మిగిలినవి మనుషులవి. ఒక్కడి గుట్టు బయటపడకుండా ఊరి గుట్టు తెలుస్తుంది.

డోరికాకి ఈ ఉపాయం తెగ నచ్చింది. ఇన్నేళ్లూ మొహంలో ఏదీ కనిపించనివ్వకపోవడం తన పనైంది, ఇప్పుడు గింజే ఆ పని చేసిపెడుతుంది.

మొదటి ఊరు చిలోంబే. ఊరి పెద్ద ఆడమనిషి, అబితి చిమెన్యా, అంటే చిమెన్యా కూతురు. ఆ ఒడ్డున ఉండే యావో తెగవాళ్లలో ఇల్లూ పొలమూ అమ్మ వైపు నుంచి వస్తాయి. పెద్దరికం కూడా అలాగే వచ్చింది ఆమెకి. గంభీరమైన మనిషి, గొంతు పెద్దది. కూతురు మ్వానైషా నిండు నెలలకి దగ్గరగా ఉంది. ప్రసవం వానల్లో పడుతుంది. అందుకని తెరల లారీ వస్తుందా రాదా అన్నది అబితికి ఊరి సంగతే కాదు, ఇంటి సంగతి కూడా.

బడి ముందు సభ. ఆ దేశంలో ప్రార్థన లేకుండా ఏ సభా మొదలవదు. రోడ్డు గుంత పూడ్చడానికి నలుగురు పోగైనా ఒకరు కళ్లు మూసుకుని దేవుణ్ణి పిలవాల్సిందే. డోరికా చర్చి మనిషి, ఊరు ముసల్మాన్లది. మర్యాద తెలిసింది గనక ఆమె షేక్ ఉస్మానీ దగ్గరికి వెళ్లి, "అయ్యా, మీరే మొదలుపెట్టండి. ఈరోజు మా పని సాగేదంతా నిజం మీదే. అందరికీ నిజం చెప్పే నోరిమ్మని అడగండి" అంది.

షేక్ గారు ఆ మాట మనసుకి పట్టించుకున్నాడు. మంచి గొంతు, పొడుగు ప్రార్థన. ఈ గింజల పని అయిపోయేదాకా ఈ ఊరిలో అబద్ధం పలికిన నాలుక ఎండిపోవాలన్నాడు. అందరూ ఆమీన్ అన్నారు. డోరికా అందరికన్నా గట్టిగా అంది.

తర్వాత లుసుంగు సంచి ఊపి చూపించాడు.

"గింజలేసి సోది చెబుతావా నాయనా?" అని వెనక నుంచి ఓ ముసలాయన అడిగాడు. "మా ఎద్దు ఎటు పోయిందో కూడా చెప్పు!"

"ఎద్దు సంగతి నాకు తెలీదు తాతా, చేపల సంగతే" అన్నాడు లుసుంగు.

"వీడి మాట వింటే ఎద్దే నయం" అంది ఒకావిడ. జనం పగలబడి నవ్వారు. పని చక్కగా మొదలైందనుకుంది డోరికా.

చిలోంబే అయ్యాక పక్క ఊళ్లు. ప్రతిచోటా ముందు సభ, ప్రతి సభకీ షేక్ గారే వచ్చి ప్రార్థన చేశాడు. ఊరూరా ఆయనకి మంచి పేరు. నాలుగు వందల ఇళ్లు పూర్తయ్యాక లుసుంగు సత్రం వరండాలో కూర్చుని ఔనులు కూడాడు. మళ్లీ కూడాడు. మూడోసారి డోరికాని కూడమన్నాడు.

నూటికి నలభై ఔనులు.

"అయితే?" అంది డోరికా.

"గింజలవే యాభై రావాలి కదమ్మా. నలభైలోంచి యాభై తీసెయ్యండి. మైనస్ పది. అది తెల్లగింజ వచ్చిన యాభైమందిలో. అంటే నూటికి మైనస్ ఇరవై." కుర్రాడి మొహం పాలిపోయింది. "ఈ ఊళ్లలో తెరతో చేపలు పట్టేవాళ్లు సున్నా కన్నా ఇరవైమంది తక్కువ."

"అంటే వీళ్లు పట్టిన చేపలు తెచ్చి నీళ్లలో వదులుతున్నారన్నమాట" అంది డోరికా.

లుసుంగుకి నవ్వు రాలేదు. కాసేపటికి కాగితాల వైపు చూస్తూ, "తప్పుగా అనుకోకండి. మీవాళ్లలో ఎవరైనా... ఎండగా ఉంది కదా, చెట్టు కింద కూచుని రాసేశారేమో" అన్నాడు.

డోరికాకి ఒళ్లు మండింది గాని గొంతు పెంచలేదు. "చెట్టు కింద కూచుని రాసేవాళ్లయితే, బాబూ, ఇంతకన్నా ముచ్చటగా రాసేవాళ్లు. దొంగలెక్క ఎప్పుడూ అందంగా ఉంటుంది. సున్నా కన్నా తక్కువ ఏ దొంగా రాయడు."

వాడికి అది తోచింది. తల దించుకున్నాడు. కానీ జవాబు మాత్రం ఇద్దరికీ దొరకలేదు. దొరకకపోతే జిల్లా ఆఫీసులో తెరల మీద సంతకం పెట్టే కాసుపి గారు ఏమంటారో డోరికాకి తెలుసు. ఒడ్డు ఊళ్లు నిరుడు సున్నా అని అబద్ధమాడాయి, ఈసారి సున్నా దాటి అబద్ధమాడాయి, లారీని కొండెక్కించండి అంటారు. మ్వానైషా పొట్ట గుర్తొచ్చింది. మరునాడు పొద్దున్నే సైకిల్ టాక్సీ వెనక కూర్చుని చిలోంబే వెళ్లింది, లుసుంగు ఇంకో సైకిల్ మీద వెనకాలే వచ్చాడు.

అబితి పెరట్లో ఉసిపా తిరగేస్తోంది. ఎండుచేపల కింద పరిచింది ఏమిటో డోరికా కావాలనే చూడలేదు.

"అక్కా, ఒకటి అడుగుతా, తిట్టకు. ఎర్రగింజ వచ్చినవాళ్లు ఔనన్నారా?"

"ఎవరి సంగతో నాకెందుకు చెల్లీ. నాకు వచ్చింది ఎర్రగింజే..."

"అది చెప్పకూడదక్కా!"

"చెప్పేశాగా. నేను కాదనే అన్నా. పట్టలేదు కనక కాదన్నా. పట్టకుండా ఔనని ఎలా అంటాను?"

"ఎర్రగింజ వస్తే ఔననమని ఈ అబ్బాయి చెప్పాడు కదా."

అబితి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ అబ్బాయి చెప్పాడు. అంతకుముందు షేక్ గారు ఏం చెప్పారు? అబద్ధమాడితే నాలుక ఎండిపోతుందన్నారు. ఆయన చేత ఆ మాట అనిపించింది ఎవరు? నువ్వు! ఆమీన్ అని అరిచింది ఎవరు? నువ్వే! ఊరు ఊరంతా నీ మాట విని నిజం చెబితే ఇప్పుడొచ్చి అబద్ధం ఎందుకాడలేదని అడుగుతున్నావా? ఏం మనిషివమ్మా!"

డోరికా చెక్కపీట మీద కూలబడింది. ఇన్నేళ్లలో తను ఎంతోమంది చేత సభలు మొదలుపెట్టించింది. ప్రార్థన అడగడం ఆమెకి ఊపిరి తీయడం లాంటిది. అది కూడా ప్రశ్నలో ఒక భాగమైపోతుందని ఎన్నడూ అనుకోలేదు.

"కొందరు గింజ మాట విన్నారు, కొందరు షేక్ గారి మాట విన్నారు" అన్నాడు లుసుంగు మెల్లగా. "ఎవరు ఎవరి మాట విన్నారో తెలియదు. ఈ నాలుగు వందల ఇళ్లూ పోయినట్టే."

"నేను పోగొట్టినట్టు" అంది డోరికా.

"నేనూ ఆమీన్ అన్నానుగా" అన్నాడు వాడు.

అబితి ఇద్దరినీ చూసి, చేపల చేట పక్కన పెట్టింది. "ఏడవకండి. అబద్ధం చెప్పమంటే ఎవరు చెబుతారు, అందులోనూ మన మీద మనమే? ఎర్రగింజకి ఒక నిజం, తెల్లగింజకి ఇంకో నిజం అడగండి. రెండూ నిజాలైతే షేక్ గారికీ అడ్డం లేదు."

లుసుంగు నుదురు కొట్టుకున్నాడు. "ఈ పద్ధతి కూడా చదివానమ్మా. రెండో ప్రశ్న వేరేది పెట్టొచ్చు. కష్టంగా ఉంటుందని వదిలేశా. కావలసింది ఏమిటంటే, ఎవరికి వాళ్లకి తెలిసి ఉండాలి, అడిగేవాళ్లకి తెలియకూడదు, ఊరంతా చూస్తే సుమారు సగంమందికి ఔను కావాలి."

"మొదటి బిడ్డ ఆడపిల్లా అని అడిగితే?" అంది డోరికా.

"పిల్లలు లేనివాళ్ల గడపలో నిలబడి అదా అడుగుతావు?" అని అబితి కసిరింది. "నా చెల్లెలింటికి వెళ్లి అడుగు, రోకలితో సమాధానం చెబుతుంది."

చివరికి అబితే అంది. "అమ్మ లేకుండా ఎవరూ పుట్టరు కదా. మీ అమ్మకి మొదట పుట్టింది ఆడపిల్లా అని అడగండి. మాలో అది తెలియని మనిషి లేడు. అమ్మ తర్వాత ఇంటిని నడిపేది ఆ పిల్లే."

లుసుంగు వేళ్ల మీద లెక్కేశాడు. నూటిలో యాభైమందికి ఎర్రగింజ. వాళ్లలో సగానికి, పాతికమందికి, ఔను. వచ్చిన ఔనుల్లోంచి పాతిక తీసేస్తే మిగిలింది తెల్లగింజ యాభైమందిది. "కుదురుతుంది" అన్నాడు.

మళ్లీ చీట్లు తీశారు, మళ్లీ నాలుగు వందల ఇళ్లు. మళ్లీ సభ, మళ్లీ షేక్ గారు, మళ్లీ ఎండిపోయే నాలుక. ఈసారి డోరికా మామూలు గొంతుతో ఆమీన్ అంది.

జాలర్లు తెల్లవారాక ఒడ్డుకి వస్తారు కనక తాళం వేసిన ఇళ్లకి పొద్దున్న పూట మళ్లీ వెళ్లేవాళ్లు. ఒక గుడిసెలో ముసలావిడ గింజ చూసుకుని, సంచిలో వేసింది. డోరికా వీపు తిప్పుకునే నిలబడింది.

"అమ్మాయ్, మా అమ్మకి మొదటిది పేరు పెట్టకముందే పోయింది. నేను చూడలేదు. అమ్మ చెప్పేది. దాన్ని లెక్కలో వేయొచ్చా?"

ఆ మాటతో ఆవిడ గింజ రంగు బయటపడిపోయింది. నియమం ప్రకారం మళ్లీ తీయించాలి. డోరికా మళ్లీ తీయించలేదు.

"వేయొచ్చమ్మా. పుట్టింది కదా."

"అయితే ఔను" అంది ముసలావిడ. ఆవిడ గొంతులో ఏదో తేలికపడినట్టు అనిపించింది. బహుశా ఆ పిల్లని ఎవరో లెక్కలో వేయడం అదే మొదటిసారేమో.

ఈసారి ఔనులు నూటికి ముప్పై ఎనిమిది. పాతిక తీసేస్తే పదమూడు, అది యాభైలో. అంటే నూటికి ఇరవై ఆరు ఇళ్లు. మనుషులున్న ఊరి లెక్కలా ఉంది.

జిల్లా ఆఫీసులో కాసుపి గారు ఆ అంకె చూసి మొట్టమొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు. మంచివాడే. మేజా మీద ఒక పక్క ఒడ్డు ఊళ్ల అర్జీలు, ఇంకో పక్క కొండ ఊళ్ల అర్జీలు. "ఇరవై ఆరు. మూడో వంతు కన్నా తక్కువ. అయిపోయింది, సంతకం పెడతా."

"ఇరవై ఆరు, అటూ ఇటూ పది" అన్నాడు లుసుంగు.

"అటూ ఇటూ ఏమిటి?"

"పదహారు నుంచి ముప్పై ఆరు దాకా ఎక్కడైనా ఉండొచ్చండి. మనం అడిగింది నాలుగు వందల ఇళ్లనే. పైగా సగం జవాబులకి గింజ అడ్డం వచ్చింది. గుట్టు దాచిపెట్టినందుకు కట్టే సుంకం అది."

కాసుపి మళ్లీ ముందుకి వంగాడు. "ముప్పై ఆరంటే మూడో వంతు దాటినట్టే. దాటిందా, దాటలేదా? ఒక్క మాట చెప్పండి, డోరికా గారూ. ఇన్నేళ్లుగా తిరుగుతున్నారు, మీకు తెలుసు."

డోరికాకి తెలిసింది చెప్పాలని నాలుక కొనదాకా వచ్చింది. దాటలేదు అనొచ్చు. అంటే లారీ వస్తుంది. ఆమె మాట కాసుపి నమ్ముతాడు. అందుకే ఆ మాట బరువుగా తోచింది.

"దాటలేదనే అనుకుంటున్నానండి. ప్రమాణం మాత్రం చేయలేను."

"కొండ మీద పిల్లల్నీ దోమలు కుడతాయి, తెలుసా? వాళ్లకి పోవలసిన తెరల్ని 'అనుకుంటున్నాను' మీద ఇటు పంపనా?"

అది అన్యాయమైన ప్రశ్న కాదు. లుసుంగు గొంతు సవరించుకున్నాడు. "వెడల్పు సగానికి తగ్గాలంటే ఇళ్లు నాలుగింతలు కావాలండి. ఇంకో పన్నెండు వందల ఇళ్లు. అప్పుడు అటూ ఇటూ అయిదే ఉంటుంది."

"బండికి డీజిల్ లేదు."

"సైకిళ్లు ఉన్నాయి. ఊళ్లలోనే పడుకుంటాం" అంది డోరికా. "ప్రార్థన చేయించిందీ నేనే, ఇళ్లు పోగొట్టిందీ నేనే. లారీ రాజధాని నుంచి కదిలేదాకా మాకు గడువివ్వండి."

కాసుపి అర్జీల కట్టలు పక్కకి నెట్టి, "లారీ కదిలిన రోజు కాగితం నా మేజా మీద ఉండాలి" అన్నాడు.

పన్నెండు వందల ఇళ్లు తిరగడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎండ, ఇసక, సైకిలు గొలుసు ఊడటం, న్సిమా అనే మొక్కజొన్న ముద్దలోకి ఉసిపా పులుసు, మర్నాడు మళ్లీ ఉసిపా పులుసు. ఏ ఊరు వెళ్లినా బావి దగ్గర ఆడవాళ్లు, "వచ్చిందమ్మా అమ్మల లెక్కలావిడ" అనుకునేవాళ్లు. లుసుంగు చిచెవా కొంచెం బాగుపడింది. వాడిని ఏడిపించడానికి జనం వేరే సాకులు వెతుక్కున్నారు.

చెప్పుకోవలసింది ఒక్కటుంది. ఆఖరి ఊళ్లకి వచ్చేసరికి, వద్దనుకున్నా డోరికా మనసు ఔనుల్ని కూడుతూ పోయింది. ఇన్నేళ్ల అలవాటు ఆగదు. లెక్క పై కొస మూడో వంతు గీతని ఒరుసుకుంటూ నడుస్తోందని ఆమెకి తెలుస్తోంది. ఆ ఊళ్లో వరసగా నాలుగిళ్లలో ఔను వచ్చింది. అయిదో ఇంటి మనిషి కూడా ఔనన్నాడు, వెంటనే తలుపు వేసుకున్నాడు. వాకిట్లో డోరికా ఒక్కతే, చేతిలో పెన్సిలు. కాదని రాస్తే అడిగేవాళ్లు లేరు. గింజ రంగు ఆమెకే తెలియదు, ఇంకెవరికి తెలుస్తుంది? ఒక గీత అటు కాకుండా ఇటు గీస్తే పోయేదేముంది? అవతల ఒక పసిబిడ్డ పుట్టబోతోంది.

ఆమె నిలబడే ఆలోచించింది. ఈ ఒక్క ఇల్లు మారిస్తే వెనక నాలుగిళ్లు మాత్రం ఏం పాపం చేశాయి? అవీ మార్చాలి. ఎన్ని మారిస్తే చాలునో తనే నిర్ణయించాలి. అప్పుడు తెరలు ఒడ్డుకి రావాలో కొండకి పోవాలో తేల్చేది డోరికా మ్సోసా అవుతుంది. కొండ మీద ఎవరు కడుపుతో ఉన్నారో ఆమెకి తెలియదు. వాళ్ల తలుపులు ఆమె తట్టలేదు.

ఔనని రాసి తర్వాతి ఇంటికి నడిచింది.

లారీ కదిలిన రోజున లుసుంగు కాసుపి ముందు కాగితం పెట్టాడు. అన్నీ కలిపి పదహారు వందల ఇళ్లు. నూటికి ముప్పై తొమ్మిది ఔనులు. లెక్క తేలింది ఇరవై ఎనిమిది, అటూ ఇటూ అయిదు.

"పై కొస ముప్పై మూడు" అన్నాడు కాసుపి. "మూడో వంతంటే ముప్పై మూడూ, పైన ఇంకొంచెం. వెంట్రుకవాసిలో తప్పిందన్నమాట. డోరికా గారూ, ఈ వెంట్రుక మీరు పెట్టింది కాదు కదా?"

"మరో రెండు ఇళ్లు అడిగి రమ్మంటే మళ్లీ వెళతానండి. వెంట్రుక మాత్రం ఊళ్లదే."

కాసుపి సంతకం చేశాడు. చేస్తూ, "నూటికి ఇరవై ఎనిమిదంటే కూడా తక్కువేం కాదు" అని గొణిగాడు. అది కూడా నిజమే. కాగితం మీద ఇంకో మాట కూడా రాశాడు: పాత చిరుగుల తెర తెచ్చి ఇచ్చినవాళ్లకే కొత్త తెర.

మొదటి వాన పడకముందే తెరలు చిలోంబే బడి ముందు దిగాయి. పంచేపని చూడటానికి డోరికాని రమ్మన్నారు. ఎండలో పొడుగాటి వరస, అందరి చేతుల్లో పాత తెరలు. కొన్ని చింకిపాతలు, కొన్నిటికి ఎక్కడా చిరుగు లేదు గాని చేపకంపు అర మైలు దూరానికి కొడుతోంది. అబితి చిమెన్యా కొత్త చితెంజె గుడ్డ కట్టుకుని వచ్చి డోరికాని పక్కకి లాగింది.

"నూటికి ఇరవై ఎనిమిదిమందట, రేడియోలో చెప్పారు. ఎవరెవరో చెప్పు చెల్లీ. తెర ఇస్తాలే, కాస్త చీవాట్లు పెట్టి ఇస్తా."

"నాకు తెలీదక్కా."

"నాక్కూడా చెప్పవా? ఉపాయం చెప్పింది నేను కదే!"

"తెలిసి దాచడం కాదక్కా, నిజంగా తెలీదు. తెలిసేలా అడిగుంటే మీ ఊళ్లో మళ్లీ సున్నామందే ఉండేవారు. ఈ లారీ ఈపాటికి కొండెక్కుతుండేది."

అబితి వరస వైపు చూసింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క మొహాన్నీ చూసింది. ఒక్క మొహమూ ఏమీ చెప్పలేదు.

"అయితే అందరికీ పెడతా" అంది.

వరస మొదట్లోకి వెళ్లి నిలబడి, తెర అందుకున్న ప్రతి మనిషికీ "ఇది మంచానికి! నీళ్లకి కాదు! విన్నావా?" అని గొంతు చించుకోవడం మొదలుపెట్టింది. ముందు నిలబడ్డది మ్వానైషా. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, తెర చంకలో పెట్టుకుని, మారుమాట్లాడకుండా తల్లి చీవాట్లు తిని పక్కకి జరిగింది.